పల్నాడు నుంచి క్రాఫ్ట్ బీర్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? రూటు, రూల్స్, రాత్రి బస.. బయలుదేరే ముందు ఇవి చూసుకోండి

నరసరావుపేట, మాచర్ల, గురజాల.. పల్నాడులో ఏ ఊరి నుంచి బయలుదేరినా హైదరాబాద్ నాలుగైదు గంటల ప్రయాణమే. అందుకే వీకెండ్‌కి నలుగురు ఫ్రెండ్స్ కలిసి కారెక్కి, సిటీలో రెండు మూడు మైక్రోబ్రూవరీలు చూసి, అక్కడే తయారైన తాజా బీరు రుచి చూసి రావాలనుకునే వాళ్లకు ఇది అందే దూరంలోనే ఉంది. కాకపోతే ఇలాంటి ట్రిప్ అనగానే చాలామంది ముందు బ్రూవరీల లిస్టు రాసుకుంటారు. ఆ తర్వాత హోటల్, చివర్లో డ్రైవింగ్ గురించి ఆలోచిస్తారు.

అసలు ఈ లెక్క తలకిందులుగా ఉండాలి. మొదట తేల్చుకోవాల్సినవి రెండే ప్రశ్నలు. కారు ఎవరు నడుపుతారు? ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఈ రెండింటికీ సమాధానం దొరికాకే బీరు సంగతి. ఎందుకో, ఎలాగో వివరంగా చూద్దాం.

క్రాఫ్ట్ బీర్ అంటే ఏంటి?

వైన్ షాపులో దొరికే బీరు పెద్ద ఫ్యాక్టరీలో తయారవుతుంది. దాన్ని వడగట్టి, వేడి చేసి క్రిములు లేకుండా చేసి, సీసాల్లో నింపి జిల్లాలకు పంపుతారు. అందుకే అది నెలల తరబడి నిల్వ ఉంటుంది. క్రాఫ్ట్ బీర్ అలా కాదు. చిన్న మోతాదులో, ఎక్కువగా అమ్మే చోటే తయారు చేస్తారు. రెస్టారెంట్‌లోనే అద్దాల వెనక స్టీల్ ట్యాంకులు కనిపిస్తాయి. ఇలా తయారీ, అమ్మకం ఒకే చోట జరిగే దాన్నే మైక్రోబ్రూవరీ అంటారు.

ముడి సరుకు నాలుగే.. నీళ్లు, మాల్ట్, హాప్స్, ఈస్ట్. మాల్ట్ అంటే మనకు తెలిసిందే. రాగులు మొలకెత్తించి ఎండబెడితే రాగి మాల్ట్ అయినట్టు, బార్లీని మొలకెత్తించి ఆరబెడితే బార్లీ మాల్ట్. దీన్ని మర పట్టి సుమారు 65 డిగ్రీల వేడి నీళ్లలో గంట సేపు నానబెడితే అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లను వడగట్టి గంట, గంటన్నర మరిగిస్తారు. మరిగేటప్పుడే హాప్స్ వేస్తారు. హాప్స్ అంటే ఒక తీగ మొక్కకు కాసే పూలు. బీరులో చేదు, సువాసన వీటివల్లే వస్తాయి.

తర్వాత చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్, గ్యాస్ తయారు చేస్తుంది. 20 డిగ్రీల దగ్గర పులియబెడితే 'ఏల్' అంటారు. ఇది రెండు మూడు వారాల్లో రెడీ అవుతుంది. 10 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులియబెట్టి, ఆ తర్వాత ఇంకా చల్లగా ఉంచి నిదానంగా పండిస్తే 'లాగర్'. దీనికి నెల, నెలన్నర పడుతుంది. షాపుల్లో దొరికే బీర్లలో దాదాపు అన్నీ లాగర్లే. మైక్రోబ్రూవరీల్లో మాత్రం ఏల్ రకాలు ఎక్కువ.

మన దేశంలో ఈ ట్రెండ్ మొదలై ఎంతో కాలం కాలేదు. పుణెలో డూలాలీ 2009లో, బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో మొదలయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు రూల్స్ తెచ్చింది. ఆ తర్వాతే హైదరాబాద్‌లో ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి.

పల్నాడుకు తెచ్చుకోవచ్చా?

పల్నాడు జిల్లాలో మైక్రోబ్రూవరీ లేదు. 2024 అక్టోబర్ 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం పాలసీ వచ్చి 3,396 ప్రైవేటు షాపులు తెరుచుకున్నాయి. కానీ అక్కడ దొరికేది సీసా బీరే. మరి హైదరాబాద్ వెళ్లినప్పుడు నాలుగు సీసాలు పట్టించుకుని తెచ్చుకుంటే పోదా? అని చాలామందికి అనిపిస్తుంది. దీనికి రెండు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది బీరే. మైక్రోబ్రూవరీ బీరును సాధారణంగా వేడి చేసి నిల్వ పెట్టరు. ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వస్తుంది. చల్లదనం తప్పితే రుచి మారిపోతుంది. సీసా మూత ఒకసారి తీస్తే గ్యాస్ పోతుంది. ఎండాకాలంలో నల్గొండ, మిర్యాలగూడ దాటేసరికి కారు డిక్కీలో అది ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసినట్టే.

రెండోది చట్టం. పక్క రాష్ట్రం నుంచి మద్యం తేవడంపై ఏపీలో చాలా గొడవే నడిచింది. మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబర్‌లో హైకోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో అప్పటి ప్రభుత్వం రూల్స్ మార్చి ఆ వెసులుబాటును తీసేసింది. అప్పట్లో దాచేపల్లి మండలం పొందుగల చెక్‌పోస్టు దగ్గర, నాగార్జునసాగర్ దగ్గర తనిఖీల వార్తలు పల్నాడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. పర్మిట్ లేకుండా సీసాలు దొరికితే కేసుతో పాటు బండిని కూడా సీజ్ చేసే వీలుంది. ఒక్క సీసా కోసం కారు పోగొట్టుకోవడం కన్నా, తాగేది అక్కడే తాగి ఖాళీ చేతులతో రావడం మేలు.

యూట్యూబ్ చూసి ఇంట్లోనే కాచుకుందాం అనుకోవడం కూడా ప్రమాదమే. లైసెన్స్ లేకుండా మద్యం తయారీ ఎక్సైజ్ చట్టం కింద నేరం. అది సారా అయినా, బీరు అయినా ఒకటే.

అంటే బీరు మన దగ్గరికి రాదు. మనమే దాని దగ్గరికి వెళ్లాలి. అందుకే ఇది రోడ్ ట్రిప్ అవుతోంది. డ్రైవింగ్ సమస్య మొదలయ్యేది కూడా ఇక్కడే.

డ్రైవర్ లెక్క.. ఒక్క గ్లాసే కదా అనుకోవద్దు

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే. మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే 2 ఏళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ సస్పెండ్ అయ్యే అవకాశమూ ఉంది. ఇది కారుకే కాదు, బైక్‌కూ వర్తిస్తుంది.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. తాగాడని తెలిసీ నడపమని ప్రోత్సహించిన వాళ్లపై కూడా సెక్షన్ 188 కింద కేసు పెట్టొచ్చు. అంటే 'ఏం కాదు బావా, నువ్వు పోనీయ్' అన్న పక్క సీటు మనిషి కూడా ఇరుక్కోవచ్చు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మైక్రోబ్రూవరీలో పెద్ద గ్లాసు సాధారణంగా 500 మిల్లీలీటర్లు. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు అయితే అందులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60, 70 కిలోల మనిషి ఖాళీ కడుపుతో ఆ ఒక్క గ్లాసు గబగబా తాగినా 30 మిల్లీగ్రాముల పరిమితి దాటే అవకాశం ఉంది. బరువు తక్కువ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఇంకా త్వరగా ఎక్కుతుంది.

మరి ఎప్పుడు దిగుతుంది? మన కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే ఖర్చు చేయగలదు. అంటే ఒక పెద్ద గ్లాసుకు రెండు మూడు గంటలు. మూడు గ్లాసులకు ఆరు నుంచి తొమ్మిది గంటలు. రాత్రి 11 గంటలకు మూడో గ్లాసు దించి, తెల్లవారుజామున 4 గంటలకు లేచి స్టీరింగ్ పట్టుకుంటే రక్తంలో ఇంకా ఆల్కహాల్ ఉండే అవకాశం ఎక్కువ. దానికి నిద్రలేమి కూడా తోడవుతుంది.

చన్నీళ్ల స్నానం, స్ట్రాంగ్ కాఫీ, నిమ్మరసం, మజ్జిగ.. ఇవేవీ ఆల్కహాల్‌ను త్వరగా దించవు. కాఫీ తాగితే మెలకువ వచ్చినట్టు అనిపిస్తుంది, అంతే. మందు దించేది టైమ్ ఒక్కటే.

కాబట్టి దారి రెండే. ఒకటి, నలుగురిలో ఒకరు ఆ ట్రిప్ మొత్తం తాగకుండా ఉండటం. ఎవరో ముందే తేల్చుకోవాలి. టేబుల్ దగ్గర కూర్చున్నాక తేల్చుకుందాం అంటే ఎవరూ మిగలరు. రెండోది, హోటల్‌లో కారు పెట్టేసి, మర్నాడు టిఫిన్ చేశాక కానీ దాన్ని ముట్టుకోకపోవడం. రెండూ పాటిస్తే ఇంకా మంచిది.

రూటు 1: నరసరావుపేట, పిడుగురాళ్ల నుంచి

నరసరావుపేట వాళ్లకు దగ్గరి దారి అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు. పిడుగురాళ్ల, దాచేపల్లి, పొందుగల మీదుగా కృష్ణా నది దాటితే అవతల వాడపల్లి. అక్కడి నుంచి మిర్యాలగూడ, నల్గొండ మీదుగా నార్కట్‌పల్లి చేరి విజయవాడ - హైదరాబాద్ హైవేలో కలుస్తారు. నరసరావుపేట నుంచి హైదరాబాద్‌కు మొత్తం సుమారు 240 కిలోమీటర్లు. టోల్ గేట్లు ఉంటాయి కాబట్టి ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ చూసుకోవాలి.

ఈ దారిలో ఆగి చూడాల్సిన చోటు వాడపల్లి. హైదరాబాద్ మధ్యలోంచి పారే మూసీ నది వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే. సంగమం ఒడ్డున అగస్త్యేశ్వర స్వామి, లక్ష్మీనరసింహ స్వామి ఆలయాలు ఉన్నాయి. పొద్దున్నే బయలుదేరితే ఎండ ఎక్కకముందే దర్శనం చేసుకుని మిర్యాలగూడలో టిఫిన్ చేయొచ్చు.

గురజాల వాళ్లు దాచేపల్లి వచ్చి ఇదే రోడ్డు ఎక్కొచ్చు. లేదంటే మాచర్ల వైపు వెళ్లి రెండో రూటు పట్టుకోవచ్చు.

రూటు 2: మాచర్ల నుంచి

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ 25 కిలోమీటర్ల లోపే. సాగర్ నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. పెద్దవూర, కొండమల్లేపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం మీదుగా సిటీలోకి వెళ్తారు. మొదటి రూటుతో పోలిస్తే ఊళ్ల మధ్యలోంచి వెళ్లే దారి ఇది. రాత్రిపూట లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీదికి వచ్చే గేదెలు ఉంటాయి. పగలే పూర్తి చేసేలా ప్లాన్ చేసుకోవాలి.

అసలు కారే వద్దనుకుంటే?

పల్నాడు పేరుతోనే రైలు ఉంది. గుంటూరు నుంచి ఉదయం బయలుదేరే పల్నాడు ఎక్స్‌ప్రెస్ సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా సికింద్రాబాద్ వెళ్తుంది. నరసరావుపేట వాళ్లు సత్తెనపల్లి వెళ్లి ఎక్కొచ్చు. గురజాల, దాచేపల్లి వాళ్లకు నడికుడి దగ్గర. నలుగురూ తాగాలనుకుంటే, డ్రైవర్ ఎవరన్న గొడవ లేకుండా వెళ్లొచ్చే దారి ఇదే. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ బుక్ చేసేటప్పుడు ఒకసారి చూసుకోవాలి. ఇవి కాక ఆర్టీసీ బస్సులు ఎలాగూ ఉన్నాయి.

హైదరాబాద్‌లో సాయంత్రం ఎలా?

సిటీలో మైక్రోబ్రూవరీలు ఎక్కువగా జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఉన్నాయి. ప్రోస్ట్, జీరో40, బ్రాడ్‌వే లాంటి పేర్లు జూబ్లీహిల్స్ వైపు వినిపిస్తాయి. ఈ వ్యాపారంలో తెరవడం, మూయడం మామూలే. అందుకే బయలుదేరే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగాలి. ఈ వారం ట్యాప్‌లో ఏ బీర్లు ఉన్నాయి? టేబుల్ బుక్ చేసుకోవాలా? తయారీ ట్యాంకులు దగ్గరగా చూపిస్తారా? రద్దీ లేని పగటి పూట అడిగితే ట్యాంకులు చూపించి వివరించే చోట్లు ఉంటాయి. వీకెండ్ రాత్రి మాత్రం ఆ అవకాశం తక్కువ.

రెండు రూట్లూ ఎల్బీనగర్ వైపే సిటీలోకి వస్తాయి. బ్రూవరీలు ఉన్నది అవతలి చివర. అందుకే గది ఎక్కడ తీసుకోవాలన్నది ముఖ్యం. బ్రూవరీలు ఉన్న వైపే గది తీసుకుంటే రాత్రి క్యాబ్ దూరం తగ్గుతుంది. బడ్జెట్ కోసం ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉండాలనుకుంటే మెట్రో ఉంది. ఎల్బీనగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, మాదాపూర్, హైటెక్ సిటీ స్టేషన్లకు వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు మెట్రో, వచ్చేటప్పుడు క్యాబ్ మంచిది. మత్తులో మెట్రోలో గొడవ చేస్తే ఫైన్ పడుతుంది.

రోజుకు రెండు చోట్లు చాలు. మధ్యాహ్నం భోజనం టైమ్‌లో ఒకటి, సాయంత్రం ఇంకొకటి. మూడు నాలుగు పెట్టుకుంటే ఆఖరి చోట ఏం తాగారో మర్నాడు గుర్తుండదు. రుచి చూడటానికే కదా అంత దూరం వెళ్లింది!

ఏం ఆర్డర్ చేయాలి?

మొదటిసారి వెళ్లేవాళ్లు నేరుగా పెద్ద గ్లాసు చెప్పొద్దు. చాలా చోట్ల 'శాంప్లర్' లేదా 'టేస్టింగ్ ట్రే' ఉంటుంది. చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు కొంచెం కొంచెం ఇస్తారు. అందులో నచ్చింది ఒక్కటి తర్వాత తీసుకోవచ్చు. ట్రే మొత్తం కలిపితే ఎంత అవుతుందో మాత్రం లెక్క వేసుకోవాలి. ఐదు చిన్న గ్లాసులు కలిపితే ఒక పెద్ద గ్లాసు దాటొచ్చు.

హెఫెవైజెన్: గోధుమతో చేసే జర్మన్ రకం. మబ్బుగా ఉంటుంది. అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో అరటిపండు కానీ లవంగం కానీ వేయరు, ఆ వాసన ఈస్ట్‌ది. చేదు తక్కువ కాబట్టి కొత్తవాళ్లకు ఇది సరైన మొదలు.

బెల్జియన్ విట్: ఇదీ గోధుమదే. ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మన వంటింటి వాసన తెలిసిపోతుంది.

ఐపీఏ: ఇండియా పేల్ ఏల్ అని పూర్తి పేరు. హాప్స్ ఎక్కువ కాబట్టి చేదు ఎక్కువ. ఆల్కహాల్ కూడా 6, 7 శాతం వరకు ఉండొచ్చు. పేరులో ఇండియా ఉన్నా పుట్టింది ఇంగ్లండ్‌లో. అక్కడి నుంచి ఓడల్లో ఇండియాకు పంపిన బీరు వల్ల ఆ పేరు వచ్చింది.

స్టౌట్: నల్లగా ఉంటుంది. మాల్ట్‌ను కాఫీ గింజల్లా మాడ్చి వేయిస్తారు కాబట్టి కాఫీ, చాక్లెట్ రుచి వస్తుంది. రంగు చూసి స్ట్రాంగ్ అనుకుంటారు కానీ చాలా స్టౌట్లు 5 శాతం దగ్గరే ఉంటాయి.

సైడర్: చాలా బ్రూవరీల మెనూలో ఉంటుంది కానీ ఇది బీరు కాదు. ఆపిల్ రసం పులియబెట్టి చేస్తారు. తియ్యగా ఉందని జ్యూస్ లెక్కన తాగొద్దు.

ప్రతి బీరు పక్కన మెనూలో ఆల్కహాల్ శాతం రాసి ఉంటుంది. రేటు కన్నా ముందు చూడాల్సింది అదే. తాగే ముందు అన్నం లేదా గట్టి టిఫిన్ కడుపులో పడాలి. ఒక గ్లాసు బీరుకు ఒక గ్లాసు మంచినీళ్లు. ఆవకాయ తిన్న నోటికి ఉప్పు, కారం ఉన్న స్టార్టర్లు బాగుంటాయి కానీ అవి దాహం పెంచి ఇంకో గ్లాసు తాగిస్తాయి.

బెంగళూరు వెళ్లాలనుకుంటే..

దేశంలో మైక్రోబ్రూవరీలకు పెట్టింది పేరు బెంగళూరు. పల్నాడు నుంచి ఇది పెద్ద ప్రయాణం. నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల, తాడిపత్రి మీదుగా అనంతపురం చేరి, అక్కడ హైదరాబాద్ - బెంగళూరు హైవే ఎక్కాలి. 550 కిలోమీటర్లకు పైనే. గిద్దలూరు - నంద్యాల మధ్య నల్లమల ఘాట్ రోడ్డు వస్తుంది, దాన్ని పగలే దాటాలి. గుంటూరు - గుంతకల్లు లైన్‌లో బెంగళూరు వైపు రైళ్లు కూడా ఉన్నాయి.

బెంగళూరులో ఒక సౌకర్యం ఉంది. వైట్‌ఫీల్డ్ వైపు విండ్‌మిల్స్, ఇందిరానగర్‌లో టాయిట్, ఎంజీ రోడ్డుకు దగ్గర్లో మాగ్రత్ రోడ్డులో ఆర్బర్.. ఇవన్నీ పర్పుల్ లైన్ మెట్రో వెళ్లే దారి చుట్టుపక్కలే. కారు హోటల్‌లోనే ఉంచి తిరగొచ్చు. అయితే దీనికి కనీసం మూడు రోజులు, రెండు రాత్రులు కావాలి. ఒక్క ఆదివారంతో అయ్యే పని కాదు.

డ్రై డేలు ముందే చూసుకోండి

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2.. ఈ మూడు రోజులూ మద్యం అమ్మరు. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు నుంచి బంద్. హైదరాబాద్‌లో హోలీ, శ్రీరామనవమి, బోనాలు, వినాయక నిమజ్జనం లాంటి సందర్భాల్లో పోలీసులు విడిగా ఆర్డర్లు ఇస్తుంటారు. వరుసగా సెలవులు వచ్చాయని ప్లాన్ చేసుకుని, తీరా వెళ్లాక తాళం చూసి రావాల్సి వస్తుంది. ఇంకో మాట.. తెలంగాణలో మద్యం తాగడానికి కనీస వయసు 21 ఏళ్లు. ఏపీలోనూ అంతే. కాలేజీ కుర్రాళ్లు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. 21 నిండని వాళ్లు ఉంటే ఈ ట్రిప్ వాళ్లకు కాదు.

తిరుగు ప్రయాణం.. పల్నాడే అసలు ట్రిప్

మర్నాడు పొద్దున్నే తొందర పడొద్దు. తొమ్మిది, పది గంటలకు టిఫిన్ చేసి, తాగని మనిషి చేతికి తాళం ఇచ్చి బయలుదేరాలి. తిరిగి వచ్చేటప్పుడు సాగర్ రూటు పట్టుకుంటే దారంతా చూడాల్సినవే.

నాగార్జునసాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న అప్పటి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. తెలంగాణ వైపు 2022లో ప్రారంభమైన బుద్ధవనం ఉంది. డ్యామ్ దాటి ఏపీ వైపు వస్తే విజయపురి సౌత్. ఇక్కడి నుంచే నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలు వెళ్తాయి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఇంకొంచెం ముందుకు వస్తే ఎత్తిపోతల. మాచర్ల మీదుగా వచ్చే చంద్రవంక ఇక్కడ సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. వానలు పడ్డాక చూడాలి దీని అందం. ఒక హెచ్చరిక.. డ్యామ్, జలపాతం, లాంచీ ఉన్న రోజు మద్యం ముట్టొద్దు. నీళ్ల దగ్గర మత్తు ప్రాణాలకే ముప్పు.

మాచర్లలో చెన్నకేశవ స్వామి ఆలయం, కారంపూడిలో పల్నాటి వీరుల గుడి చూసుకుని గురజాల మీదుగానో, పిడుగురాళ్ల మీదుగానో చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చు. 12వ శతాబ్దంలో అన్నదమ్ముల మధ్య జరిగిన యుద్ధం కథకు మాచర్ల, గురజాల, కారంపూడి మూడూ వేదికలే.

మన కల్లు సంగతేంటి?

క్రాఫ్ట్ బీర్ గొప్ప ఏంటంటే చిన్న మోతాదు, ఏ ఊరిది ఆ ఊరి రుచి, తాజాదనం. ఆ లెక్కన మన తాటి కల్లు, ఈత కల్లు ఎప్పటి నుంచో ఉన్న క్రాఫ్టే. చెట్టు నుంచి దిగిన రసంలో గాలిలోని, కుండలోని ఈస్ట్ చేరి గంటల్లోనే పులుస్తుంది. కుండ లోపల సున్నం రాస్తే పులవదు, అది నీరా. తేడా ఒక్కటే, కల్లుకు లేబుల్ ఉండదు. ఎంత ఆల్కహాల్ ఉందో, ఏం కలిపారో తెలియదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. దారి పక్కన తెలియని చోట కల్లు తాగొద్దు. తాగితే బ్రీత్ టెస్టులో అదీ పడుతుంది. 'కల్లే కదా' అంటే మెషిన్ వినదు.

బయలుదేరే ముందు ఒక్కసారి చెక్ చేసుకోండి

తాగని డ్రైవర్ ఎవరో పేరు పెట్టి తేల్చుకున్నారా?

బ్రూవరీలకు దగ్గర్లో, కారు పార్కింగ్ ఉన్న హోటల్ బుక్ అయిందా?

ఆ తేదీ డ్రై డే కాదు కదా?

లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నాయా? తాగి నడిపి ప్రమాదం చేస్తే సొంత బండి రిపేరుకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ రాకపోవచ్చు.

క్యాబ్ ఖర్చు బడ్జెట్‌లో రాసుకున్నారా? బీరు డబ్బుతో పాటే అదీ పక్కన పెట్టాలి.

తిరిగి వచ్చేటప్పుడు డిక్కీలో సీసాలు లేవు కదా?

షుగర్, కాలేయం సమస్యలు ఉన్నవాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఈ ట్రిప్‌లో మద్యం జోలికి వెళ్లకూడదు. వాళ్లు కూడా ట్యాంకులు చూడొచ్చు, తయారీ తెలుసుకోవచ్చు, మంచి భోజనం చేయొచ్చు. మద్యం ఆరోగ్యానికి హానికరమన్నది సీసా బీరుకైనా, క్రాఫ్ట్ బీరుకైనా ఒకటే.

చివరిగా ఒక మాట. ఇలాంటి ట్రిప్‌లో గ్రూప్ మొత్తానికి మేలు చేసేది తాగకుండా కారు నడిపిన ఆ ఒక్కరే. వాళ్ల భోజనం బిల్లు మిగతా ముగ్గురూ కట్టుకుంటే బాకీ తీరినట్టే. వచ్చే ట్రిప్‌లో ఆ వంతు ఇంకొకరిది. నలుగురూ క్షేమంగా నరసరావుపేట చేరితేనే కదా వచ్చే ట్రిప్!